తరగతిలో ప్యానెల్, చేతిలో ట్యాబ్: వీటితో పిల్లలకు చదువు నిజంగా వస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. డీఎస్సీలో లెక్కల టీచర్‌గా ఎంపికై జిల్లా పరిషత్ హైస్కూల్లో కొత్తగా చేరారు. ప్రతి తరగతిలో ఐఎఫ్‌పీ (వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెర, ప్యానెల్ అంటున్నది దీన్నే) ఉంది, రోజూ వాడమని హెచ్‌ఎం గారు చెబుతున్నారు. వీడియో వేస్తే పిల్లలు బుద్ధిగా చూస్తారు, మర్నాడు అడిగితే నీళ్లు నములుతారు. స్టాఫ్ రూమ్‌లో ఒక సీనియర్ మాస్టారు ఇదంతా దండగ, చాక్‌పీస్ చాలు అంటున్నారు. ఇంటి దగ్గరేమో పిల్లలు ఫోన్‌తో ఫొటో తీసి హోంవర్క్ జవాబులు దించేస్తున్నారు. ఇంతకీ ఈ టెక్నాలజీ వల్ల చదువుకు మేలా, చేటా? మేలైతే ఈ ప్యానెళ్లను, ట్యాబ్‌లను క్లాసులో ఎలా వాడాలి?

నేనూ లెక్కల టీచర్‌నే. ఇరవై ఏళ్లకు పైగా హైస్కూల్లో చెబుతున్నాను. మధ్యలో కొన్నేళ్లు టీచర్లకు శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్‌గా తిరిగి, చాలా బడుల్లో వెనక బెంచీలో కూర్చుని క్లాసులు చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పరికరం టీచర్ చేతిలో ఉండి, దాంతో పిల్లల చేత పని చేయిస్తే చదువు పెరుగుతుంది. పరికరమే పాఠం చెప్పేసి, టీచరూ పిల్లలూ కలిసి చూస్తూ కూర్చుంటే ఉన్న చదువు కూడా తగ్గుతుంది. తగ్గుతుంది అన్న మాట ఊరికే వాడలేదు. దానికి గట్టి ఆధారాలున్నాయి. రేపు హెచ్‌ఎం గారితోనో, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లోనో ఈ విషయం మాట్లాడాల్సి వస్తే మీకు పనికొస్తాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

గుజరాత్‌తో మొదలుపెడతాను. 2000 ప్రాంతంలో వడోదర మున్సిపల్ బడులకు ప్రభుత్వం నాలుగేసి కంప్యూటర్లు ఇచ్చింది. చాలా చోట్ల అవి వాడకం లేక మూలన పడ్డాయి. తర్వాత ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ నాలుగో తరగతి పిల్లల్ని ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరేసి చొప్పున కూర్చోబెట్టి, వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు ఆడించింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం దాని ఫలితాన్ని కొలిచింది. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవారిలో ఈ ఇద్దరూ ఉన్నారు. లెక్కల్లో మార్కులు బాగా పెరిగాయి. కార్యక్రమం ఆగి ఏడాది తిరిగేసరికి మాత్రం ఆ పెరుగుదలలో చాలా భాగం కరిగిపోయింది.

ఆ తర్వాత అదే గుజరాత్‌లో లీ లిండెన్ అనే ఆర్థికవేత్త చేసిన పరిశీలన నాకు ఇంకా విలువైనదిగా అనిపిస్తుంది. కొన్ని బడుల్లో కంప్యూటర్ గంటను టీచర్ లెక్కలు చెప్పే సమయంలోంచి తీశారు. మరికొన్నింట్లో బడి వేళలకు ముందో తర్వాతో అదనంగా పెట్టారు. పిల్లలు చేసే అభ్యాసం రెండు చోట్లా ఒకటే. టీచర్ సమయాన్ని తీసుకున్న చోట పిల్లలు అంతకుముందు నేర్చుకునేంత కూడా నేర్చుకోలేకపోయారు. అదనంగా పెట్టిన చోట లాభపడ్డారు, అందులోనూ వెనకబడ్డ పిల్లలు ఎక్కువ లాభపడ్డారు. కొత్తగా ఏ డిజిటల్ పథకం వచ్చినా నేను ముందు అడిగేది ఇదే: ఇది ఎవరి సమయంలోంచి వస్తోంది?

మన ఐఎఫ్‌పీ, ట్యాబ్‌ల పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉన్నది పొరుగు దేశం పాకిస్తాన్‌లోని పంజాబ్ రాష్ట్రంలో ఎనిమిదో తరగతిలో జరిగిన ప్రయోగం. గణితం, సైన్సు వీడియో పాఠాలు తయారు చేశారు. కొన్ని బడుల్లో వాటిని టీచర్లకు ఇచ్చి, తరగతిలో తెర మీద చూపిస్తూ మీ పాఠంలో కలుపుకోండి అన్నారు. ఇంకొన్ని బడుల్లో అదే రకం సరంజామాను ట్యాబ్‌లలో వేసి నేరుగా పిల్లల చేతికిచ్చారు. కొద్ది నెలల్లోనే తేడా కనిపించింది. టీచర్ ద్వారా వెళ్లిన చోట మార్కులు పెరిగాయి. టీచర్‌ను పక్కనపెట్టి పిల్లల చేతికి వెళ్లిన చోట తగ్గాయి. పెరూలో పల్లె బడుల పిల్లలకు తలా ఒక లాప్‌టాప్ పంచిన భారీ పథకాన్ని కూడా ఇలాగే కొలిచారు. 319 బడుల్లో చేసిన ఆ పరిశీలన 2012లో వెలువడింది. లెక్కల్లోగానీ భాషలోగానీ మెరుగు కనిపించలేదు.

ఇంతవరకే చదివితే మీ సీనియర్ మాస్టారి మాటే నిజమనిపిస్తుంది. కానీ ఢిల్లీలో జరిగింది కూడా చూడాలి. ఆంధ్రప్రదేశ్ బడుల మీద ఏళ్లపాటు పరిశోధన చేసిన కార్తీక్ మురళీధరన్, ఇంకో ఇద్దరు కలిసి 2015లో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించారు. బడి వదిలాక హైస్కూల్ వయసు పిల్లలు సెంటర్‌కు వచ్చేవారు. 45 నిమిషాలు సాఫ్ట్‌వేర్ మీద, ఇంకో 45 నిమిషాలు చిన్న గుంపులో ఒక టీచింగ్ అసిస్టెంట్ దగ్గర కూర్చునేవారు. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో ఇలాంటి పరిశీలనల్లో అరుదుగా కనిపించేంత మెరుగుదల వచ్చింది. కారణం మనకు బాగా తెలిసిందే. ఆ పిల్లల్లో ఆరో తరగతి వాళ్లు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు. ఆరో తరగతి పుస్తకం ముందు పెట్టుకుని, మూడో తరగతి స్థాయిలో ఉన్న పిల్లవాడికి రోజూ పాఠం వినిపిస్తున్నామన్నమాట. ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి పిల్లవాడినీ వాడున్న మెట్టు మీదే పట్టుకుని, అక్కడి నుంచి లెక్క ఇచ్చింది. నలభై మంది ఉన్న క్లాసులో నలభై స్థాయిల్లో లెక్కలు ఇవ్వడం ఎంత గొప్ప టీచర్‌కైనా కష్టం. యంత్రం చేయగలిగిన పని అది.

తెలంగాణలో 2025లో ఏక్‌స్టెప్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి ప్రాథమిక బడుల్లో మొదలుపెట్టిన ఏఐ ఆధారిత అభ్యాసం కూడా ఈ ఆలోచన మీదే నడుస్తోంది. చదవడం, లెక్కలు సరిగా రాని పిల్లల్ని కొద్దిసేపు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, వాళ్ల స్థాయి అభ్యాసం ఇవ్వడం. ఆ కొద్దిసేపూ పాఠం సమయంలోంచి పోకుండా చూసుకోవడం అక్కడి టీచర్ల మీదే ఉంటుంది.

ఇక మీ క్లాసు సంగతి. వీడియో పూర్తయ్యాక పిల్లలకు ఏమీ గుర్తుండకపోవడానికి వాళ్ల తెలివితక్కువతనం కారణం కాదు. ఎనిమిది నిమిషాల వీడియోలో ఒక్కసారి కూడా వాళ్లు ఏదీ తేల్చుకోవాల్సిన అవసరం రాలేదు. అంతా సాఫీగా సాగిపోయింది, బొమ్మలు కదిలాయి, జవాబు వచ్చేసింది. చూస్తున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది. పైగా చాలా వీడియోల్లో మాటలు ఇంగ్లీషులో ఉంటాయి, వేగంగా నడుస్తాయి. ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉన్న మన ద్విభాషా పుస్తకం చదివే పిల్లలకు ఆ వేగం అందదు.

అందుకని నేను వీడియోను మ్యూట్ చేసి, మాట నేనే చెబుతాను. రెండు నిమిషాలకు మించి ఏకధాటిగా నడవనివ్వను. తర్వాతి మెట్టు కనబడబోయే ముందు ఆపి, ఇప్పుడేమవుతుందో రఫ్ నోట్సులో రాయండి అంటాను. రాశాకే ప్లే నొక్కుతాను. ఒకటి రెండుసార్లు ఇలా చేస్తే వీడియో మొదలవగానే పిల్లలు పెన్ను పట్టుకుంటారు. ఆపి అడగడానికి వీల్లేని వీడియో అయితే అది క్లాసుకు పనికిరాదు, ఇంటి దగ్గర చూసుకోవచ్చు.

లెక్కల టీచర్‌కు ఐఎఫ్‌పీ అసలు బలం వీడియోల్లో కంటే జియోజీబ్రాలో ఉంది. ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. ఉచితం, ఆండ్రాయిడ్ మీద నడుస్తుంది. త్రిభుజంలో కోణాల మొత్తం 180° అన్న పాఠం తీసుకోండి. నేను ముందు ప్యానెల్ ముట్టుకోను. ప్రతి ఒక్కరూ నోట్సులో తమకిష్టమైన త్రిభుజం గీసి, కోణమానినితో కొలిచి కూడాలి. 178 అని ఒకరు, 181 అని ఒకరు, 183 అని ఇంకొకరు చెబుతారు. అవన్నీ గ్రీన్ బోర్డు మీద రాస్తాను, ఒక్కటీ చెరపను. ఎవరిది తప్పు అని వాళ్లలో వాళ్లకే వాదన మొదలవుతుంది. అప్పుడు ప్యానెల్ ఆన్ చేసి, జియోజీబ్రాలో త్రిభుజం గీసి, మూడు కోణాలూ వాటి మొత్తమూ పక్కన కనిపించేలా పెడతాను. ఒక పిల్లను పిలిచి పై మూలను వేలితో లాగమంటాను. కోణాలు మారిపోతుంటాయి, మొత్తం మాత్రం కదలదు.

ఒకసారి ఏడో తరగతిలో ఒక అమ్మాయి పై మూలను మెల్లగా కిందికి, త్రిభుజం కింది భుజం వైపు లాగుతూ పోయింది. పై కోణం 150, 170, 176 అవుతోంది. కింది రెండూ చిన్నవైపోయి రెండు డిగ్రీలకు వచ్చాయి. క్లాసంతా నిశ్శబ్దంగా చూస్తోంది. ఆ అమ్మాయి చేయి ఆపి, "సార్, ఇంకొంచెం లాగితే త్రిభుజమే ఉండదు కదా, అప్పుడు కూడా 180 ఉంటుందా?" అంది. లాగి చూడమన్నాను. గీత మీదికి రాగానే పై కోణం 180, మిగతా రెండూ సున్నా. సరళకోణం 180° అని ముందు పాఠంలో చదివిందీ, ఈ పాఠమూ ఒకటే అని ఆ పిల్లలకు ఆ క్షణంలో అర్థమైంది. నల్లబల్ల మీద నేను ఎన్ని త్రిభుజాలు గీసినా ఆ ప్రశ్న వచ్చేది కాదు, ఎందుకంటే నల్లబల్ల మీది త్రిభుజం కదలదు. తర్వాత ప్యానెల్ ఆపేసి, శీర్షం గుండా సమాంతర రేఖ గీసి నిరూపణ మొత్తం చాక్‌పీస్‌తోనే చేశాం. ప్యానెల్ వెలిగింది పది, పన్నెండు నిమిషాలు. ఆ పీరియడ్‌కు అంతే కావాలి.

కదలిక ఉన్న పాఠాలన్నిటికీ ఇది వర్తిస్తుంది. సరళ సమీకరణంలో వాలు మారితే గీత ఎలా తిరుగుతుంది, వర్గ సమీకరణంలో స్థిరపదం మారితే వక్రం పైకీ కిందికీ ఎలా జరుగుతుంది, సరూప పటాలు ఎలా పెరుగుతాయి, ఇవి ప్యానెల్ మీదే చూపించాలి. సైన్సు టీచర్లకు కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీదే చేసి చూసే ప్రయోగాలు) ఇలాంటివే. కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. భాగహారం, భిన్నాల కూడిక, సమీకరణం సాధించడం మాత్రం చేత్తో చేసి నేర్చుకోవాల్సినవి. అక్కడ తెర అడ్డమే.

ప్యానెల్‌ను నేను అన్నిటికంటే ఎక్కువగా వాడేది మాత్రం దేనికో చెబితే మీరు ఆశ్చర్యపోవచ్చు. పిల్లల నోట్సు చూపించడానికి. రాత్రి నోట్సు దిద్దేటప్పుడు, చాలామంది చేసిన ఒక తప్పును పేరు కనబడకుండా ఫోన్‌తో ఫొటో తీస్తాను. మర్నాడు అదే ప్యానెల్ మీద పెద్దగా వేస్తాను. ఉదాహరణకు −3 − 5 = +8. ప్రతి ఏటా, ప్రతి తరగతిలో ఈ తప్పు ఉంటుంది. ఎందుకు అని అడిగితే "మైనస్ మైనస్ ప్లస్ కదా సార్" అంటారు. గుణకారం సూత్రాన్ని కూడికలోకి తెచ్చేశారన్నమాట. ఆ ఫొటో వేసి, ఇది రాసిన వాళ్ల మనసులో ఏముందో చెప్పండి అంటాను. తప్పు పట్టుకోమని అడగను, ఎలా ఆలోచించారో చెప్పమంటాను. ఒకరు సంఖ్యారేఖ గీస్తారు, ఒకరు అప్పు లెక్క చెబుతారు. మూడు రూపాయలు అప్పుంది, ఇంకో ఐదు అప్పు చేశాడు, ఎనిమిది చేతికి ఎలా వస్తాయి సార్ అంటారు. పది నిమిషాల్లో క్లాసంతా ఆ తప్పు నుంచి బయటపడుతుంది. ఏ కంపెనీ వీడియోలోనూ మీ క్లాసు చేసిన తప్పు ఉండదు. మీ తరగతి నోట్సుల్లోనే ఉంటుంది.

ఎవరికి అర్థమైంది, ఎవరికి కాలేదు అన్నది వెంటనే తెలుసుకోవడానికి ప్లికర్స్ అనే యాప్ ఉంది. పిల్లలకు ఫోన్లు, ట్యాబ్‌లు ఏవీ అక్కర్లేదు. ప్రింట్ తీసిన కార్డు ఒక్కొక్కరికి ఇస్తాం. జవాబు ఏ, బీ, సీ, డీలలో ఏదో దాన్ని బట్టి కార్డును తిప్పి పట్టుకుంటారు. టీచర్ ఫోన్ కెమెరాతో ఒకసారి క్లాసంతా తిప్పి చూపిస్తే ఎవరేం జవాబిచ్చారో వచ్చేస్తుంది. వెనక బెంచీలో ఎప్పుడూ చెయ్యెత్తని పిల్లలు కూడా జవాబు చెబుతారు, పక్కవాడిది చూసి మార్చుకునే వీలు తక్కువ. స్లిప్ టెస్టు పెట్టి, దిద్ది, రెండు రోజుల తర్వాత తెలుసుకునే విషయం మూడు నిమిషాల్లో తెలుస్తుంది. వెంటనే ఆ పీరియడ్‌లోనే మళ్లీ చెప్పొచ్చు.

ట్యాబ్‌ల గురించి కూడా అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు కలిపి 5.18 లక్షల ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. బైజూస్ అనే కంపెనీ పాఠాలు అందులో వేసి ఇచ్చారు. మరుసటి ఏడాది మళ్లీ పంపిణీ జరిగింది. ఆ సంస్థ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. రాజకీయం పక్కనపెట్టి, టీచర్‌గా నేను గమనించింది చెబుతాను. ట్యాబ్‌లోని పాఠానికీ, ఆ వారం క్లాసులో చెప్పిన పాఠానికీ టీచర్ ముడిపెట్టిన చోట అది నడిచింది. "ఈ మూడు లెక్కలు ట్యాబ్‌లో చేసి, మూడోది ఎలా చేశారో నోట్సులో రాసుకురండి" అన్న ఒక్క వాక్యం ఉంటే చాలు. ఆ ముడి లేని చోట ట్యాబ్ బ్యాగులోనే ఉండిపోయింది, లేదా పాఠాలు కాకుండా వేరేవాటికి పనికొచ్చింది. పిల్లల తప్పేమీ లేదందులో. ఇంకో జాగ్రత్త కూడా తీసుకోండి. మీ పాఠం మొత్తాన్ని ఒక కంపెనీ యాప్ మీద కట్టుకోవద్దు. జియోజీబ్రా, పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఇచ్చిన ప్రభుత్వ పాఠాల వేదిక దీక్ష, తెలంగాణలో ప్రభుత్వ విద్యా చానెల్ టీశాట్, ఇలా ఉచితంగా అందరికీ అందే వాటినే నమ్ముకోండి. పనికొచ్చేవి ముందే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ లేకపోయినా పీరియడ్ ఆగదు.

ఇవన్నీ కొత్త సంగతులేం కావు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహం సాయంతో సైట్ అనే ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చేరింది, అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఉదయం పూట బడి పిల్లల కార్యక్రమాలు తెలుగులో వచ్చేవి. ఆ తర్వాత ఆకాశవాణిలో "విందాం నేర్చుకుందాం" వచ్చింది. రేడియో మధ్యలో ఆగి, పిల్లలు జవాబు చెప్పడానికి సమయం ఇచ్చేది. వీడియో ఆపి అడగండి అని నేను పైన రాసిన పద్ధతి ఆ రేడియో పాఠాల్లో ముందే ఉంది. చేతిలో ఒక రేడియో మాత్రమే ఉన్న ఏకోపాధ్యాయ బడుల్లో కూడా పిల్లలు లేచి నిలబడి పాడుతూ, లెక్కపెడుతూ నేర్చుకున్నారు.

కరోనా సమయం దీనికి ఇంకో రుజువు. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు ప్రసారం చేశారు. పాఠాలు మంచివే. చూసిన పిల్లవాడు ఏం అర్థం చేసుకున్నాడో అడిగే మనిషి ఇంట్లో లేకపోవడమే లోటైంది. ఆ రోజుల్లోనే ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో 4,500 కుటుంబాలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి వారానికోసారి కొన్ని లెక్కలు ఎస్సెమ్మెస్‌లో పంపారు. ఇంకొందరికి ఆ ఎస్సెమ్మెస్‌తో పాటు టీచర్ పదిహేను, ఇరవై నిమిషాలు ఫోన్ చేసి, తల్లిదండ్రుల సమక్షంలో పిల్లలతో లెక్క చేయించారు. ఫోన్ వెళ్లిన పిల్లలకు లెక్కలు మెరుగయ్యాయి. ఒక్క ఎస్సెమ్మెస్ వల్ల చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. అవతల ఇంటర్నెట్ కూడా అక్కర్లేని మామూలు ఫోన్లే ఉన్నాయి. మీ క్లాసులో తరచూ మానేసే పిల్లలుంటే వారానికోసారి ఇలా ఫోన్ చేసి ఒక్క లెక్క చేయించి చూడండి.

చదవడం విషయంలో మాత్రం నేను తెరకు పూర్తిగా వ్యతిరేకం. కాగితం మీద, తెర మీద చదివి అర్థం చేసుకోవడాన్ని పోల్చిన 54 పరిశీలనలను 2018లో ఒకచోట చేర్చి చూశారు. వాటిలో పాల్గొన్నవారు లక్షా డెబ్బై వేల మందికి పైనే. సమాచారం ఇచ్చే పాఠాలు కాగితం మీద చదివినవారికే బాగా అర్థమయ్యాయి. తొందరలో చదవాల్సి వచ్చినప్పుడు ఆ తేడా మరింత పెరిగింది. లెక్కల్లో మాటల ప్రశ్నలకు పిల్లలు తడబడేది చదివి అర్థం చేసుకోవడం దగ్గరే కదా. పుస్తకం తెరిపించండి, గట్టిగా చదివించండి, తెలిసిన రాశి కింద గీత గీయించండి. ప్యానెల్ మీద ఉన్న నోట్సు దింపుకునే అలవాటు అస్సలు చేయొద్దు. అక్కడ చేయి కదులుతుంది గానీ బుర్ర కదలదు.

ఇంటి దగ్గర ఫోన్ సంగతి. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024లో గ్రామాల్లోని 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని అడిగారు. 80 శాతానికి పైగా పిల్లలకు స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అలా వాడటం వచ్చినవారిలో ముందు వారం చదువుకు సంబంధించి వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా చూసినవారు 76 శాతం. కాబట్టి ఫోన్ వద్దు అని మనం చెప్పినంత మాత్రాన అది ఇంటి నుంచి పోదు. లెక్క ఫొటో తీస్తే మెట్లతో సహా జవాబు ఇచ్చే యాప్‌లు, ఏఐ చాట్‌లు పిల్లలకు మనకంటే ముందే తెలుసు. నేను హోంవర్క్ ఇచ్చే తీరు మార్చుకున్నాను. పది లెక్కల బదులు నాలుగే ఇస్తాను. మర్నాడు ఎవరినో ఒకరిని బోర్డు దగ్గరికి పిలిచి, నోట్సు మూసి, అంకెలు మార్చి అదే లెక్క చేయమంటాను. రాసిన దానికి మార్కు లేదు, చెప్పగలిగిన దానికే మార్కు. ఫోన్‌లో చూసి అర్థం చేసుకుని వచ్చిన పిల్లవాడు బోర్డు దగ్గర నిలబడగలడు, వాడికి నా అభ్యంతరం ఏమీ లేదు. దించుకుని వచ్చినవాడికి రెండోరోజు నుంచి దాంతో లాభం లేదని అర్థమవుతుంది. పెద్ద క్లాసు పిల్లలకైతే ఏఐ ఇచ్చిన ఒక జవాబును ప్యానెల్ మీద వేసి, ప్రతి మెట్టూ సరిచూడమంటాను. అవి ఒక్కోసారి ఎంతో నమ్మకంగా తప్పు చెబుతాయి. ఆ తప్పు పట్టుకున్న పిల్లలు మళ్లీ దాన్ని గుడ్డిగా నమ్మరు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. చూపు లేని పిల్లవాడికి టాక్‌బ్యాక్ (తెర మీది మాటలను పైకి చదివే సదుపాయం) ఉన్న ఫోన్ పుస్తకం చదివి వినిపిస్తుంది. చూపు తక్కువ ఉన్న పిల్ల ఐఎఫ్‌పీ మీద అక్షరం పెద్దది చేసుకుంటుంది. మీ మండలంలో ఇలాంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచర్‌ను కలిసి, మీ బడిలో అలాంటి పిల్లలుంటే వాళ్లకు ట్యాబ్‌లో ఆ సెట్టింగులు పెట్టించండి. మిగతా అందరికంటే ముందు ఈ పని చేయండి.

టీచర్ మీద పడే భారం గురించి కూడా ఒక మాట. డిజిటల్ అంటే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది పాఠం కాదు, యాప్‌లో ఎంట్రీలు, ఫొటోలు, హాజరు. పొద్దున మొదటి పీరియడ్ సర్వర్ కోసం ఎదురుచూస్తూ పోయిన రోజులు అందరికీ ఉన్నాయి. మీ సీనియర్ మాస్టారి కోపంలో సగం అక్కడి నుంచే వస్తోందని నా అనుమానం. ఆ కోపం న్యాయమైనదే. పిల్లల ముందు నిలబడాల్సిన నిమిషాలను ఫోన్ తినేస్తే అది గుజరాత్‌లో టీచర్ గంటను తీసుకున్న కంప్యూటర్ చేసిన పనే. ఎంట్రీలు పీరియడ్‌లో చేయకుండా క్లాసు లేని లీజర్ పీరియడ్‌కు వాయిదా వేసే ఏర్పాటు ఉండేలా హెచ్‌ఎం గారితో మాట్లాడండి.

హెచ్‌ఎం గారు రోజూ వాడమంటే ఎదురు చెప్పొద్దు. రోజూ పది నిమిషాలు వాడండి. ఒకరోజు నోట్సు ఫొటో, ఒకరోజు జియోజీబ్రా, ఒకరోజు ఆపి అడిగే వీడియో. నెలాఖరుకు స్లిప్ టెస్టు మార్కులు పట్టుకెళ్లి చూపించండి, గంటసేపు వీడియో వేయమని అడగరు. మీ సీనియర్ మాస్టారిని జ్యామితి పాఠం రోజున క్లాసుకు పిలవండి. నల్లబల్ల మీద చేత్తో వృత్తం గీసే నేర్పు ఆయనకుంటే అది మీరు నేర్చుకోండి, త్రిభుజం మూలను లాగడం ఆయనకు చూపించండి.

గదిలో కిటికీ వెలుతురు ప్యానెల్ మీద పడి ముందు వరుస వాళ్లకు కూడా కనబడకపోతే, ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) వాళ్లను అడిగి ఒక కర్టెన్ వేయించండి. చాక్‌పీస్ పొడి తెర మీద పేరుకోకుండా పొడిబట్టతో రోజూ తుడిచే పని క్లాస్ లీడర్‌కు అప్పగించండి. మీకు ఏ తరగతులు ఇచ్చారో, క్లాసుకు ఎంతమంది ఉన్నారో రాయండి. పూర్ణసంఖ్యలు, త్రిభుజాలు, సరళ సమీకరణాల మీద నేను వాడే జియోజీబ్రా ఫైళ్లు పంపిస్తాను.